దుర్మార్గుడు నవ్వరాదు

ఇకపై ఈ దేశంలో కథల్లో గానీ, నాటకాల్లో గానీ దుర్మార్గులెవ్వరూ ముచ్చటగా ఉండరాదని సాంస్కృతిక శాఖ మంత్రిగారు ప్రకటించారు. ప్రకటన వెలువడిన రోజు ప్రజలంతా ఎప్పటిలాగే ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. దాన్ని ప్రశాంత స్వాగతం అని పత్రికలు రాశాయి.

మంత్రిగారు ఊరికే నిర్ణయాలు తీసుకునే మనిషి కాదు. పదవిలోకి వచ్చాక ఆయన తీసుకున్న మొదటి నిర్ణయం తన కుర్చీ ఎత్తు పెంచడం. ఇది రెండోది. మధ్యలో ఉన్నదంతా దీర్ఘాలోచన.

ఈ ఆలోచన ఆయనకు పాత నాటకాల హాల్లో, ఒక ముసలావిడ గొడుగును తను పట్టుకుని కూర్చున్నప్పుడు తట్టింది.

సంగతేమిటంటే, ఆ హాల్లో ఏళ్ళ తరబడి ఒకటే నాటకం ఆడుతోంది. పేరు ‘ఇంటింటి బావ’. ఒక వీధిలోకి ఎవరో కొత్త మనిషి వస్తాడు. ఒకింటి ముందు ఆగి మంచినీళ్ళడుగుతాడు. తాగి ఆ నీళ్ళను మెచ్చుకుంటాడు. ఆ ఇంటావిడ మోకాలి నొప్పి ఎలా ఉందో కనుక్కుంటాడు. పక్కింటి పెద్దాయన చచ్చిపోయిన కుక్కను తలుచుకుంటే ఆయనకంటే ముందు తను కళ్ళు తుడుచుకుంటాడు. ఒకరికి తమ్ముడు, ఒకరికి అల్లుడు, మిగిలిన వీధికంతా బావ అయిపోతాడు. మొదటి అంకం ముగిసేసరికి అందరి ఇళ్ళ తాళంచెవులూ అతని జేబులో ఉంటాయి. ఒక్కటీ లాక్కోడు. వాళ్ళే తెచ్చి ఇస్తారు. రెండో అంకంలో అందర్నీ ఇళ్ళలోంచి బయటికి పంపించేస్తాడు. వాళ్ళు అతనికి చేతులూపుతూ వెళ్తారు. మూడో అంకంలో పోలీసులొచ్చి అతన్ని పట్టుకుంటారు. అప్పుడు హాలు హాలంతా ఏడుస్తుంది, పాపం బావను తీసుకుపోతున్నారే అని.

ఆ రోజు మంత్రిగారు ముఖ్య అతిథి. నాటకానికి ముందు ఆయన మాట్లాడితే జనం దగ్గారు. బావ రంగం మీదికి రాగానే ఈలలేశారు. విశ్రాంతి సమయంలో మంత్రిగారి పక్కన కూర్చున్న ముసలావిడ లేచి, “కాస్త ఇది పట్టుకో నాయనా” అని తన గొడుగు ఆయన చేతిలో పెట్టి, తెర వెనక్కి వెళ్ళి, బావ తల నిమిరి, బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి వచ్చింది. వచ్చి గొడుగు మాట మరిచిపోయింది. మంత్రిగారు మూడో అంకం చివరిదాకా దాన్ని పట్టుకునే ఉన్నారు. కారెక్కేటప్పుడూ చేతిలోనే ఉంది.

“దుర్మార్గుడికి బిస్కెట్లు. మనకు గొడుగు” అని ఆయన కారులో అన్నారట. ప్రకటన మర్నాడు వచ్చింది.

అయితే ఈ కథలో మనకు కావలసిన మనిషి మంత్రిగారు కాదు. బావ వేషం కట్టే నటుడూ కాదు. రంగం ముందు అంచున, నేలలోకి తవ్విన ఒక గొయ్యి ఉంది. జనానికి కనబడకుండా దానికి చెక్క డొప్ప ఒకటి అడ్డం. అందులో భుజాలదాకా దిగి కూర్చుని, నటుడు మాట మరిచిపోతే గుసగుసగా అందించే పెద్దాయన ఒకాయనున్నాడు. ప్రాంప్టర్. అందరూ ఆయన్ని గోతిమావయ్య అంటారు. ఆయన పేరేమిటో హాలు సెక్రటరీకి కూడా తెలియదు. జీతం కూడా గోతిమావయ్య అనే రాస్తారు.

బావ వేషం కట్టే నటుడి మారుపేరు అజీర్తి. మనిషి చక్కనివాడే. కానీ ఏం తిన్నా కడుపులో మంట, ఎవరు పలకరించినా మొహంలో మంట. పైగా ఒక్క మాటా గుర్తుండదు. ఇన్నేళ్ళుగా ఆ నాటకం ఆడుతూ అతను సొంతంగా జ్ఞాపకం పెట్టుకున్నది లోపలికి రావడం ఎటునుంచో, బయటికి వెళ్ళడం ఎటునుంచో, అంతే. మిగిలిందంతా గోతిలోంచి రావాలి. గోతిమావయ్య “అక్కయ్యా” అంటే అజీర్తి “అక్కయ్యా” అంటాడు. గోతిమావయ్య “కళ్ళు తుడుచుకో” అంటే తుడుచుకుంటాడు. ఒకసారి గోతిమావయ్య తుమ్మితే అతనూ తుమ్మాడు. బావకు జలుబు చేసిందని ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు బాధపడ్డారు.

అంటే ఊరంతా మనసు పారేసుకున్నది ఎవరి మీదో చెప్పనక్కర్లేదు. ఆ సంగతి ఊరికి తెలియదు. గోతిమావయ్యా దాని గురించి ఆలోచించలేదు.

బయట మాత్రం ఆయన నోట్లోంచి మాట రాదు. హాలు వెనక ఉన్న గదిలో భార్యతో కాపురం. ఆవిడ టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంటుంది. టికెట్లమ్మడం అయ్యాక కిటికీ మూసి, స్టూలు తెచ్చుకుని, సరిగ్గా గోతి పక్కన వేసుకుంటుంది. అక్కడైతే ప్రతి మాటా అజీర్తి నోటికి చేరకముందే వినబడుతుంది.

“ఇంట్లో ‘ఊ’ అంటారు, లేకపోతే ‘ఊహూ’ అంటారు. కాపురానికొచ్చిన దగ్గర్నించీ ఈ రెండిటితోనే నెట్టుకొస్తున్నాను” అని ఆవిడ అందరితో చెప్పేది. “ఆ గోతిలో దిగితే మాత్రం తేనె. నా మోకాలు ఎలా ఉందని ఒక్కనాడైనా అడిగారా?”

గోతిమావయ్య “ఊ” అనేవాడు.

ఆయనకు ఒక్కటే బలహీనత. తను మాట్లాడడు గానీ, ఎదుటివాడు మాట మధ్యలో ఆగితే తట్టుకోలేడు. అది రోగంలా అంటుకుంది. బస్సులో కండక్టరు “తరవాతి స్టాపు...” అని ఆవలిస్తే పేరు అందించేస్తాడు. ఒకసారి ఆసుపత్రిలో డాక్టరు ఆయన్ని చూసి, “మీకొచ్చింది...” అని ఆలోచనలో పడ్డాడు. గోతిమావయ్య “క్షయ” అని అందించాడు. డాక్టరు అదే రాసేశాడు. వచ్చింది జలుబు. ఆరు నెలలు క్షయకు మందులు మింగాడు, మళ్ళీ జలుబు రాలేదు.

ప్రకటన వచ్చిన వారానికి హాలుకు ప్రత్యేకాధికారి వచ్చాడు. ప్రతినాయక ఆకర్షణ నివారణ కమిటీకి ఆయనే అధ్యక్షుడు, ఆయనే సభ్యులు. అంతకుముందు చేపల శాఖలో ఉండేవాడు. ఎరల గురించి తెలిసినవాడు కాబట్టి ఆకర్షణ సంగతీ చూడగలడని ఇటు వేశారు. చాలా మర్యాదస్తుడు. కూర్చునే ముందు కుర్చీని కూడా అడిగేటట్టుండేవాడు.

“పైలట్ ప్రాజెక్టుగా మీ హాలునే ఎంచుకున్నాం. అభినందనలు” అన్నాడు.

సెక్రటరీ మెడలో వేలాడే తాళంచెవిని పట్టుకున్నాడు. అది హాలు తాళంచెవి. హాలు కట్టిన పెద్దలు పెట్టిన నియమం ప్రకారం అది సెక్రటరీ మెడలోంచి దిగకూడదు. ఆయన స్నానం కూడా దానితోనే చేస్తాడు. వర్షాకాలంలో ఛాతీ మీద తుప్పు మరక ఉంటుంది.

“ఏం చెయ్యాలి సార్?”

“బావను సంస్కరించాలి. పదిహేను రోజుల తర్వాత మంత్రిగారి సమక్షంలో పరీక్ష ప్రదర్శన. హాల్లో ఏ ఒక్కరికీ బావ నచ్చకూడదు. నచ్చితే హాలుకు సీలు.”

“ఎవరికైనా లోపల్లోపల నచ్చితేనో?”

“మొహాలు చూడ్డానికి సిబ్బంది ఉంటారు.”

గోతిమావయ్య భార్య టికెట్ల కిటికీలోంచి తల బయటపెట్టింది. “హాలుకు సీలేస్తే వెనకాల మా గది సంగతేంటి బాబూ?”

“గదికి వేరే దారి ఉందా అమ్మా?”

“ఎక్కడిదీ, హాల్లోంచే పోవాలి.”

“అయితే మీకూ సీలే” అన్నాడు ప్రత్యేకాధికారి ఎంతో బాధగా.

ఆవిడ తల లోపలికి తీసుకుని మొగుడి వంక చూసింది. గోతిమావయ్య గదిలో ఉన్న సామానంతా ఒకసారి మనసులో లెక్కేసుకున్నాడు. ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, గోడకు ఒక అద్దం. ఆ వయసులో వాటిని నెత్తిన పెట్టుకుని ఎటు పోవాలో తోచలేదు.

మర్నాటి నుంచి సంస్కరణ మొదలైంది.

“ముందు నవ్వు తీసెయ్యండి” అన్నాడు అధికారి.

“హమ్మయ్య” అన్నాడు అజీర్తి. నవ్వినప్పుడల్లా అతనికి పొట్ట లాగేది. నవ్వు తీసేస్తే అడుగున అతని సొంత మొహం బయటపడింది. రంగం మీద అక్కయ్య వేషం వేసే దర్జీ ఆవిడ ఆ మొహం చూసి తన మాట చెప్పడం మానేసి, “ఏంటి తమ్ముడూ, ఒంట్లో బాలేదా? లోపలికొచ్చి కాస్త పడుకుంటావా?” అంది.

“కట్” అన్నాడు అధికారి. “ఆవిడకు జాలి వేసింది. జాలి కూడా ఆకర్షణే. గైడ్‌లైన్స్‌లో ఉంది.”

నవ్వు తీసేస్తే చాలదని తేలింది. అజీర్తి ముక్కు మీద మైనంతో పెద్ద పులిపిరి అంటించారు. అధికారి దాన్ని దగ్గరికొచ్చి చూశాడు.

“మా నాన్నగారికి సరిగ్గా అక్కడే ఉండేది” అన్నాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. పులిపిరి తీసేశారు.

సెక్రటరీకి ఓపిక నశించింది. “సార్, అసలు జనానికి వీడెందుకు నచ్చుతున్నాడో అది పట్టుకుంటే పోదా?”

దానికి జవాబు కిటికీలోంచి వచ్చింది. “అందులో పట్టుకోడానికేముంది? నాటకంలో మీ హీరో మూడంకాలూ నీతులు చెప్తాడు. ఒక్కసారైనా ఎవర్నైనా మోకాలు ఎలా ఉందని అడిగాడా? కనీసం మంచినీళ్ళడిగాడా? అడిగేవాడు వీడొక్కడేనాయె.”

అధికారి మొహం వెలిగింది. “అయితే హీరో చేత అడిగిద్దాం.”

“అడిగిస్తే వీడూ ఏదో కాజెయ్యడానికొచ్చాడనుకుంటారు” అంది ఆవిడ, టికెట్ల పుస్తకాలు సర్దుకుంటూ.

అధికారి ఆ రోజు భోజనానికి కూడా వెళ్ళలేదు. సాయంత్రానికి పరిష్కారం దొరికింది. దాని పేరు ట్రాన్స్‌పరెన్సీ. దుర్మార్గుడు వస్తూనే తన ఉద్దేశం సభాముఖంగా ప్రకటించాలి. ఏదీ దాచకూడదు. దాచనివాడు ఎవర్ని మోసం చెయ్యగలడు?

మంచినీళ్ళ మాట పోయింది. మోకాలి నొప్పి పోయింది. కుక్క పోయింది. వాటి స్థానంలో అధికారి స్వయంగా రాసిన మాటలు వచ్చాయి. బావ లోపలికొచ్చి, “నేను మిమ్మల్ని మోసం చెయ్యడానికొచ్చాను. తాళంచెవులు ఇవ్వండి” అనాలి. వీధివాళ్ళు “ఇవ్వం” అనాలి. బావ “ఇవ్వకపోతే మళ్ళీ వస్తాను” అని వెళ్ళిపోవాలి. అజీర్తికి కూడా గుర్తుండేంత చిన్న మాటలు.

“మరి మూడో అంకంలో పోలీసులొచ్చి పట్టుకుంటే జనం ఏడుస్తారు సార్” అన్నాడు సెక్రటరీ.

“ఎందుకేడుస్తారు?”

“పట్టుకుంటారు కాబట్టి.”

“అయితే పట్టుకోవద్దు” అన్నాడు అధికారి. ఎర్ర పెన్సిల్‌తో మూడో అంకం మొత్తం కొట్టేశాడు. “పట్టుకోకపోతే ఏడవరు. చూశారా, ఆలోచిస్తే అన్నిటికీ దారి ఉంటుంది.”

ఈ పదిహేను రోజులూ గోతిమావయ్యకు పనిలేదు. గోతిలో దిగి కూర్చునేవాడు. ఒక్క మాటా అందించే అవసరం పడేది కాదు. పాత మాటలన్నీ లోపల అలాగే ఉండిపోయి కడుపు ఉబ్బరించినట్టుండేది. అజీర్తి రోగం తనకు అంటుకుందేమో అనుకున్నాడు.

“నిద్రలో ఎవర్నో అక్కయ్యా, బావా అంటున్నారు” అంది భార్య ఒక పొద్దున. “మంచినీళ్ళడిగారు. నిజంగానే అనుకుని లేచి తెచ్చాను. తాగకుండా అటు తిరిగి పడుకున్నారు.”

“ఊ” అన్నాడు.

“ఇది గట్టెక్కాలి సుమండీ. గట్టెక్కకపోతే నా ట్రంకుపెట్టె మీరే మొయ్యాలి.”

“ఊ.”

పరీక్ష ప్రదర్శన సాయంత్రం హాలు కిక్కిరిసింది. మంత్రిగారు ముందు వరసలో, ఈసారి పక్క కుర్చీ ఖాళీ ఉంచి కూర్చున్నారు. మొహాలు చూసే సిబ్బంది ప్రతి వరసకూ ఒకరు చొప్పున, జనానికి ఎదురుగా తిరిగి నిలబడ్డారు. గొడుగు ముసలావిడ రెండో వరసలో ఉంది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఆవిడ చేతిలో గొడుగు లేదు.

తెర లేచింది. అజీర్తి వచ్చాడు. నవ్వలేదు. ఎవరి వంకా చూడలేదు. కడుపు పట్టుకుని, “నేను మిమ్మల్ని మోసం చెయ్యడానికొచ్చాను. తాళంచెవులు ఇవ్వండి” అన్నాడు.

ఒక్కరూ ఈల వెయ్యలేదు. అధికారి మంత్రిగారి వైపు తృప్తిగా చూశాడు.

“చూశావా?” అంది ముసలావిడ పక్కనున్నామెతో, నెమ్మదిగా అనుకుని గట్టిగా. “మొహం మీదే చెప్పాడు. ఈ రోజుల్లో ఇలా చెప్పేవాళ్ళెవరున్నారమ్మా?”

“నిజమే పిన్నిగారూ. మా ఆయన ఇన్నేళ్ళలో ఒక్క నిజం ఇంత సూటిగా చెప్పలేదు.”

“దాపరికం లేని మనిషి” అన్నాడు వెనక ఒకాయన.

రంగం మీద వీధివాళ్ళు “ఇవ్వం” అన్నారు. హాలు గొల్లుమంది. “ఇవ్వండమ్మా! పాపం అంత నిజాయితీగా అడుగుతుంటే!” అని అరిచారు. అజీర్తి, “ఇవ్వకపోతే మళ్ళీ వస్తాను” అన్నాడు. మాట తప్పని మనిషని చప్పట్లు కొట్టారు. మళ్ళీ వచ్చాడు. అన్నట్టే వచ్చాడని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మూడో వరసలోంచి ఎవరో సొంత ఇంటి తాళంచెవి రంగం మీదికి విసిరారు. దాని వెనకే ఇంకో నాలుగు వచ్చిపడ్డాయి. ఒకటి తగిలి అజీర్తి “అబ్బా” అన్నాడు. ఎంత సహజంగా బాధపడ్డాడో అనుకున్నారు. మొహాలు చూసే సిబ్బంది వెనక్కి తిరిగి నాటకం చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు ముక్కు చీదుకుంటున్నాడు.

మంత్రిగారు లేచారు. పక్కనున్న మెట్లెక్కి రంగం మీదికి వచ్చారు. సరిగ్గా గోతి ముందు నిలబడ్డారు.

గోతిమావయ్యకు డొప్ప కిందనుంచి మంత్రిగారి బూట్లు కనబడ్డాయి. ఇక అయిపోయింది అనుకున్నాడు. మంచం, ట్రంకుపెట్టె, అద్దం.

“ప్రియమైన ప్రజలారా” అన్నారు మంత్రిగారు. “ఈ హాలును ప్రభుత్వం...”

“దిగవయ్యా! బావను పిలువు!” అని వెనకనుంచి అరుపు.

“ఈ హాలును ప్రభుత్వం...”

ముసలావిడ లేచి నిలబడింది. “ముందు నా గొడుగు సంగతి చెప్పు. అవతల వానొస్తోంది.”

హాలు విరగబడి నవ్వింది. మంత్రిగారు నోరు తెరిచారు. “అది... ఆ గొడుగు...” అని ఆగారు. ఆయనకు ఒక ఉపన్యాసం వచ్చు. అందులో గొడుగు లేదు. నవ్వు ఆగింది. జనం ఎదురుచూస్తున్నారు. మంత్రిగారి నోరు తెరిచే ఉంది. మాట మధ్యలో ఆగి అలాగే నిలిచిపోయింది.

ఇలాంటి ఖాళీ గోతిమావయ్య తన జీవితంలో చూడలేదు. గోడ మీద గడియారం చప్పుడు వినబడుతోంది. ఎవరూ అందించడం లేదు. అందించాల్సినవాడు తనే. పదిహేను రోజుల ఉబ్బరం ఒక్కసారిగా గొంతులోకి తన్నుకొచ్చింది.

“అక్కయ్యా, ముందు కాసిని మంచినీళ్ళిస్తావా” అని గుసగుసలాడాడు.

మంత్రిగారు కిందికి చూశారు. ఆ పరిస్థితిలో మాట ఎక్కడినుంచి వచ్చిందని అడిగే మనిషి ఎవడూ ఉండడు.

“అక్కయ్యా” అన్నారు. “ముందు కాసిని మంచినీళ్ళిస్తావా?”

ముసలావిడ బిత్తరపోయింది. సంచిలోంచి సీసా తీసి, ముందుకొచ్చి పైకి అందించింది. మంత్రిగారు తాగారు. మళ్ళీ ఖాళీ.

“ఈ నీళ్ళలో ఏదో ఉందక్కయ్యా. ఇన్నాళ్ళూ తాగినవి నీళ్ళే కావు” అంది గొయ్యి.

“ఈ నీళ్ళలో ఏదో ఉందక్కయ్యా. ఇన్నాళ్ళూ తాగినవి నీళ్ళే కావు” అన్నారు మంత్రిగారు. ఆయన గొంతు ఎప్పుడూ అంత మెత్తగా లేదు. “మోకాలు ఎలా ఉంది?”

“నీకెవరు చెప్పారు నాయనా?” అంది ముసలావిడ. కూర్చుంది. కళ్ళలో నీళ్ళు. “ఎడమది. మెట్లెక్కలేను. నా కొడుకు కూడా అడగడు. ఆ గొడుగు నువ్వే ఉంచుకో.”

తర్వాత కుక్క మాట రావాలి. వచ్చింది. మంత్రిగారు హాలు సెక్రటరీ వైపు తిరిగి, “పెద్దాయనా, మీ కుక్క పోయిందటగా” అన్నారు. గొయ్యి “కళ్ళు తుడుచుకో” అంది. ఆయన తుడుచుకున్నారు.

“నాకు కుక్క లేదండీ” అన్నాడు సెక్రటరీ. కానీ అప్పటికే ఏడుస్తున్నాడు. “ఉంటే మాత్రం ఈపాటికి పోయేదే కదా.”

హాల్లో జేబురుమాళ్ళు బయటికొచ్చాయి. గోతిమావయ్యకు ప్రాణం లేచొచ్చింది. పదిహేను రోజుల తర్వాత మొదటిసారి కడుపు తేలికైంది. ఆ హాయిలో తర్వాతి మాట ఏమిటో నాలుక చివరికి వచ్చాక గానీ గుర్తించలేదు. గుర్తించి, జేబురుమాలు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు.

ఖాళీ వచ్చింది.

మంత్రిగారు ఎదురుచూశారు. హాలంతా ముందుకు వంగింది. గోతిమావయ్య కళ్ళు మూసుకున్నాడు. ఖాళీ పెద్దదైంది. మంత్రిగారు బూటు కొనతో డొప్ప మీద మెల్లగా తట్టారు. ఇంకోసారి తట్టారు. గడియారం చప్పుడు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. గోతిమావయ్య జేబురుమాలు ఇంకాస్త లోపలికి తోసుకున్నాడు. మంచం అనుకున్నాడు, ట్రంకుపెట్టె అనుకున్నాడు, అద్దం అనుకున్నాడు. ఏదీ పనిచెయ్యలేదు. జేబురుమాలు దానంతటదే బయటికొచ్చి ఒళ్ళో పడింది.

“ఈ తాళం నా దగ్గరుంటే మీ దగ్గరున్నట్టే” అన్నాడు. “మీ దగ్గరుంటే మటుకు, పాపం, మీకు బరువు.”

మంత్రిగారు ఆ మాటను అజీర్తి ఏనాడూ అననంత బాగా అన్నారు.

సెక్రటరీ మెడలోంచి తాళంచెవి తీశాడు. దాన్ని ఒకసారి ముద్దుపెట్టుకుని మంత్రిగారి చేతిలో పెట్టాడు. ఛాతీ రుద్దుకుని, “ఎంత తేలిగ్గా ఉంది” అన్నాడు. అజీర్తి తెర వెనకనుంచి వచ్చి తన సైకిల్ తాళంచెవి ఇచ్చాడు, ఎవరూ అడక్కుండానే. రంగం మీద విసిరిన అయిదు తాళంచెవుల్నీ మొహాలు చూసే సిబ్బంది ఏరి ఇచ్చారు. చివరికి గోతి పక్కన స్టూలు కదిలిన చప్పుడైంది. గోతిమావయ్య తల పైకెత్తి చూశాడు. భార్య కొంగుముడి విప్పి తమ గది తాళంచెవి తీసి, మంత్రిగారి చేతిలో పెడుతోంది.

జనం మంత్రిగారిని భుజాల మీద కారుదాకా మోశారు. వాన మొదలైతే ముసలావిడ గొడుగు ఆయనే పట్టుకున్నారు. అందరూ బయటికొచ్చాక ప్రత్యేకాధికారి, మంత్రిగారు ఇచ్చిపోయిన తాళంచెవితో హాలుకు తాళం వేశాడు. సీలు అవసరం లేకపోయింది.

గోతిమావయ్యా, భార్యా తాళం పడేలోపు బయటికి లాగిన ట్రంకుపెట్టె హాలు అరుగు మీద వేసుకుని కూర్చున్నారు. మంచం లోపలే ఉండిపోయింది. చూరు నీళ్ళు ముందర పడుతున్నాయి. చాలాసేపయ్యాక గోతిమావయ్య నోరు విప్పాడు.

“నువ్వెందుకిచ్చావు?”

ఆవిడ ఆశ్చర్యపోయి చూసింది. ‘ఊ’, ‘ఊహూ’ కాకుండా మొగుడు తనతో పూర్తిగా ఒక మాట అనడం ఎప్పుడో గానీ జరగదు.

“ఆయనకెవరిచ్చారు?” అంది. “ఆయన నోటికొచ్చేలోపే నాకు వినబడుతుందిగా. మీరడిగారు, ఇచ్చాను.”

గోతిమావయ్య కాళ్ళ వంక చూసుకున్నాడు. ఏదో అనాలనుకున్నాడు. దానికి గొయ్యి కావాలి.

“మోకాలా?” అంది ఆవిడే, కాసేపు చూసి. “కుడిది. వానకి లాగుతోంది.”

“ఊ” అన్నాడు.

మర్నాడు పేపర్లో మరో ప్రకటన వచ్చింది. దుర్మార్గుల ఆకర్షణను నాటకరంగం నుంచి పూర్తిగా తొలగించిన తొలి దేశం మనదేనని, ప్రస్తుతానికి హాలు మూసి ఉంది కాబట్టి ఈ విజయం శాశ్వతమని మంత్రిగారు చెప్పారు. ఇకమీదట తాను ఊరూరా తిరిగి ప్రజలతో స్వయంగా మాట్లాడతానన్నారు.

పేపరు వచ్చిన కాసేపటికే ప్రత్యేకాధికారి వచ్చాడు. వెంట ఒక వడ్రంగి ఉన్నాడు. వడ్రంగి ఏమీ అనకుండా టేపు తీసి గోతిమావయ్య భుజాల వెడల్పు కొలిచాడు. తర్వాత కూర్చోమని, కూర్చున్నాక ఎత్తు కొలిచాడు.

“మంత్రిగారి ఉపన్యాస వేదికకు చిన్న మార్పు చేస్తున్నాం” అన్నాడు అధికారి. “కింద కాస్త ఖాళీ వదులుతున్నాం.”

“కాస్త వెడల్పుగా వదలమనండి” అంది గోతిమావయ్య భార్య. “పక్కన నా స్టూలు కూడా పట్టాలి.”

వడ్రంగి అధికారి వంక చూశాడు. అధికారి తలూపాడు. ఇంకో మూరెడు కలిపారు.

అధికారి గోతిమావయ్య పక్కన అరుగు మీద కూర్చున్నాడు, అరుగు అనుమతి తీసుకున్నట్టుగా. “మొదటి అంకం మంత్రిగారికి చాలా నచ్చింది. రెండో అంకంలో ఏమవుతుందో కనుక్కు రమ్మన్నారు.”

“అందర్నీ ఇళ్ళలోంచి బయటికి పంపించేస్తాడండీ” అన్నాడు గోతిమావయ్య, గోతిలోంచి అందిస్తున్నట్టు.

“వాళ్ళు గొడవ చెయ్యరూ?”

“చేతులూపుతూ వెళ్తారండీ.”

అధికారి లేచి నిలబడి, వీధిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకసారి చూశాడు. ఇళ్ళన్నీ తలుపులు తెరుచుకుని ఉన్నాయి. ముసలావిడ గుమ్మంలో నిలబడి, కారు కనబడితే మంత్రిగారనుకుని చెయ్యి ఊపుతోంది.

“బాగానే ఉంది” అన్నాడు. “ఒక్కటే సందేహం. నాకు సరిగ్గా గుర్తులేదు. మూడో అంకంలో పోలీసులో ఎవరో వచ్చి...”

అని ఆగాడు.

“అది మీరు కొట్టేశారు కదండీ” అని అందించాడు గోతిమావయ్య.

“అవునవును. కొట్టేశాం” అన్నాడు అధికారి, ఊపిరి తీసుకుని. వడ్రంగి టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.